ఆ ఐదొందల సంగతి

బెంగళూరులో మా తెలుగువాళ్ల రక్తదాతల గ్రూపు చూసుకునేది నేనే. అనంతపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి క్యాన్సర్ వైద్యానికి వచ్చినవాళ్లు ఫోన్ చేస్తే, వాళ్లకి ఏ గ్రూపు రక్తం కావాలో కనుక్కుని దాతని పంపుతాం. కన్నడం రాక బెదిరిపోయి ఉన్నవాళ్లకి తెలుగులో ఒక గొంతు వినబడితే సగం ధైర్యం వస్తుంది.

ఒక రాత్రి పదకొండింటికి కదిరి ఆవిడ ఫోన్ చేసింది. కొడుక్కి ప్లేట్‌లెట్లు దొరికాయని సంతోషంగా చెప్పి, చివర్లో గొంతు తగ్గించి, "ఆ సార్‌కి ఇంకా ఐదొందలు ఇయ్యాల. రేపిస్తే పర్వాలేదా?" అంది.

ఆ సార్ మా గ్రూపులో అందరికంటే పాతవాడు. నేను అన్నా అని పిలిచే మనిషి. అర్ధరాత్రి బండి తీసి దాతల్ని ఎక్కించుకొచ్చిన రోజులు నాకు తెలుసు. "ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదమ్మా" అని ఫోన్ పెట్టేశాను గానీ నిద్ర పట్టలేదు.

మర్నాడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఎదురుపడి అడిగే ధైర్యం లేక గ్రూపులో మెసేజ్ పెట్టాను: "రోగుల దగ్గర ఎవరూ డబ్బు తీసుకోకూడదని మనవి." గంటలో ముగ్గురు విడివిడిగా ఫోన్ చేశారు, "నా గురించేనా?" అని. అందులో ఒక కుర్రాడు ఏడ్చినంత పని చేశాడు. వాడికి ఎవరో బలవంతంగా కొబ్బరినీళ్లు తాగించారట, అంతే. అన్న మాత్రం థమ్సప్ పెట్టి ఊరుకున్నాడు.

కదిరి ఆవిడకి మళ్లీ చేశాను. తన పేరు బయటికి రానివ్వొద్దని బతిమాలింది, రేపు ప్లేట్‌లెట్లు ఆగిపోతాయేమోనని భయం. ప్లేట్‌లెట్లు 5 రోజులకి మించి నిల్వ ఉండవు. పిల్లాడికి ఎక్కించాల్సి వచ్చిన ప్రతిసారీ దాతని వెతకాల్సిందే. అలాంటి తల్లి ఎంత అడిగినా ఇస్తుంది. అందుకని ఆ నెలలో అన్న చూసిన మరో నాలుగు కుటుంబాలకి కూడా ఫోన్ చేసి, ఖర్చేమైనా అయిందా అని అడిగాను. ఇద్దరు ఇచ్చామన్నారు.

ఆదివారం పొద్దున అన్నని లాల్‌బాగ్‌కి రమ్మన్నాను. హోటల్లో అయితే పక్క టేబుల్ చెవులన్నీ మన మీదే ఉంటాయి. అక్కడున్న పెద్ద బండరాయి ఎక్కి కూర్చున్నాం. ఆ రాయి వయసు 300 కోట్ల ఏళ్లని అక్కడ రాసి ఉంటుంది. మాట మొదలుపెట్టలేక దాన్నే రెండుసార్లు చదివాను.

"ఏందబ్బా, రాయి గురించి చెప్పేదానికి పిలిచినావా?" అన్నాడు.

చెప్పేశాను. మూడు కుటుంబాలు నీకు డబ్బు ఇచ్చామన్నాయి, ఎందుకు తీసుకున్నావో నాకు తెలీదు, నువ్వే చెప్పన్నా అని.

"నేను రక్తం అమ్ముకున్నానంటావా?" అని లేచి నిలబడ్డాడు. నేను లేవలేదు, ఏమీ అనలేదు. కాసేపటికి తనే కూర్చున్నాడు. ఉద్యోగం పోయి ఐదు నెలలట. వైట్‌ఫీల్డ్ నుంచి రోజూ బండి మీద రావాలి. మొదట ఎవరో పెట్రోలుకని జేబులో పెడితే వద్దనలేకపోయాడు. తర్వాత అడగడం అలవాటైంది. "ఇన్నాళ్లలో మీలో ఒక్కడన్నా తిన్నావా అని అడిగినాడా?" అన్నాడు.

జవాబు లేదు నా దగ్గర. సుప్రీంకోర్టు 1996 తీర్పు, 1998 జనవరి 1 నుంచి డబ్బుకి రక్తం ఇవ్వడంపై నిషేధం, అన్నీ బట్టీపట్టి వెళ్లాను. కొత్తవాళ్లకి అవన్నీ నేర్పిందే ఆయన! ఆ ఊసే ఎత్తలేదు. "పెట్రోలు సంగతి పట్టించుకోకపోవడం నా తప్పు, సరిచేస్తాను. ఆ డబ్బు మాత్రం వాళ్లకి తిరిగిచ్చెయ్. కొన్నాళ్లు రోగుల ఫోన్లు నువ్వు తీయొద్దన్నా" అన్నాను. చివరి మాట దగ్గర గొంతు వణికింది.

అవుననలేదు, కాదనలేదు. ఆ రాత్రే గ్రూపులోంచి వెళ్లిపోయాడు. రెండు రోజులకి కదిరి ఆవిడ ఫోన్ చేసి, డబ్బు ఫోన్‌పేలో వెనక్కొచ్చిందని చెప్పింది. ఎందుకెళ్లాడని అడిగినవాళ్లందరికీ "ఆయన్నే అడగండి" అన్నాను. మా ఆవిడకీ అదే చెప్పాను, దానికి వారం పాటు అలిగింది. పెట్రోలుకి ఇప్పుడు మేమే నెలనెలా వేసుకుని, లెక్క గ్రూపులో పెడుతున్నాం.

మూడు నెలలు దాటాక ఒక సాయంత్రం ఆయన నంబరు నుంచి మెసేజ్: "ఓ పాజిటివ్ ఒక యూనిట్ ఇచ్చినా. రాసుకో."

రాసుకున్నాను.