మూడో పార్టీకి ఓటు వేసే ముందు నేను వేసుకున్న లెక్క

అమెరికా పౌరసత్వ పరీక్ష కోసం నేను చదివిన 100 ప్రశ్నల్లో ఇదొకటి: ఈ దేశంలో రెండు ప్రధాన రాజకీయ పార్టీలు ఏవి? డెమొక్రటిక్, రిపబ్లికన్ అని చెబితే సరిపోతుంది. ఆ రెండింటిలో దేనితోనూ నాకు పూర్తిగా పొసగదు. 2024 నవంబరులో అధ్యక్ష పదవికి ఒక చిన్న పార్టీ అభ్యర్థికి ఓటు వేశాను. ఎవరికో ఇక్కడ చెప్పను. చెబితే చర్చంతా ఆ మనిషి మంచివాడా కాదా అన్నదాని మీదికి పోతుంది. నేను చెప్పదలచుకున్నది వేరే: ఆ ఓటు దండగా కాదా అని ఎలా తేల్చుకున్నానన్నది. నేనుండేది కాలిఫోర్నియాలో. నా నిర్ణయంలో సగం ఆ ఒక్క విషయం మీదే నిలబడింది.

ఓటరుగా నమోదు చేసుకునేటప్పుడే పార్టీ ఏదో రాయమంటారు. ఏ పార్టీ వద్దనుకుంటే దానికి వేరే గడి ఉంటుంది. ఆ జాబితాలోనే అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీ అని ఒకటి కనిపిస్తుంది. అది 1968లో అధ్యక్ష పదవికి అలబామా మాజీ గవర్నర్ జార్జ్ వాలెస్ పోటీ కోసం పుట్టిన పార్టీ. స్వతంత్ర ఓటరు అంటే ఇదే కాబోలు అనుకుని అందులో టిక్ పెట్టినవాళ్లు వేలల్లో ఉన్నారని 2016లో లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టింది. నేను ఏ పార్టీ వద్దని రాశాను. దాంతో 2024 మార్చి ప్రైమరీకి (నవంబరు ఎన్నికకు ముందు అభ్యర్థుల్ని తేల్చే ఎన్నిక) నాకు వచ్చే బ్యాలెట్‌లో అధ్యక్ష పదవి పోటీయే ఉండదు. కావాలంటే డెమొక్రటిక్, లిబర్టేరియన్, అమెరికన్ ఇండిపెండెంట్ పార్టీల్లో ఒకదాని బ్యాలెట్ అడిగి తెప్పించుకోవచ్చు. రిపబ్లికన్, గ్రీన్, పీస్ అండ్ ఫ్రీడమ్ పార్టీలు బయటివాళ్లను రానివ్వలేదు.

ఆ ప్రైమరీ దగ్గరే ఇంకో సంగతి తెలిసి మనసు చివుక్కుమంది. కాలిఫోర్నియాలో 2010లో ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 14 అనే చట్ట ప్రతిపాదన ప్రకారం అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌కైనా, రాష్ట్ర పదవులకైనా ప్రైమరీలో అన్ని పార్టీలవాళ్లూ ఒకే జాబితాలో పోటీ చేస్తారు. మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్లే నవంబరుకు వెళతారు. ఇద్దరూ ఒకే పార్టీ వాళ్లైనా సరే. అంటే చిన్న పార్టీల కథ చాలాచోట్ల మార్చిలోనే ముగుస్తుంది. అసలు ఎన్నిక రోజున మనం వెతికినా వాళ్ల పేరు దొరకదు. అధ్యక్ష పదవికి ఈ పద్ధతి వర్తించదు కాబట్టి నవంబరు బ్యాలెట్‌లో ఆ ఒక్క పోటీలో మాత్రం ఆరు పేర్లు కనిపించాయి. ఆగస్టులోనే ప్రచారం ఆపేసిన రాబర్ట్ ఎఫ్. కెనడీ జూనియర్ పేరు కూడా అందులో అలాగే ఉండిపోయింది.

బ్యాలెట్ ఇంటికి వచ్చిన వారంలోనే అక్కతో ఫోన్‌లో పెద్ద వాదన నడిచింది. అక్కావాళ్లు ఉండేది పెన్సిల్వేనియాలో, ఎటు మొగ్గుతుందో చివరిదాకా తెలియని రాష్ట్రం.

"ఒరేయ్, ఓట్లు చీల్చి ఎవరిని గెలిపిద్దామని? 2009లో ప్రజారాజ్యం ఏం చేసిందో చూశావుగా" అంది.

"అక్కా, ప్రజారాజ్యానికి కనీసం 18 సీట్లు వచ్చాయి. ఇక్కడ అదీ రాదు. నా బాధ అదే" అన్నాను.

ఆ మాట ఊరికే అనలేదు. 1992లో స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరోకు దాదాపు 19 శాతం ఓట్లు పడ్డాయి, కోటీ 97 లక్షల మంది వేశారు. ఎలక్టోరల్ ఓట్లు, అంటే అధ్యక్షుణ్ణి నిజంగా తేల్చే రాష్ట్రాలవారీ ఓట్లు, మాత్రం సున్నా. అదే 1968లో వాలెస్‌కు 13 శాతం పైచిలుకే వచ్చినా 46 ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి, ఎందుకని చూస్తే ఆయన బలమంతా దక్షిణాది రాష్ట్రాల్లోనే గుమిగూడి ఉంది. మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా అన్ని రాష్ట్రాల్లోనూ ఎక్కువ ఓట్లు వచ్చినవాడికే ఆ రాష్ట్రం ఎలక్టోరల్ ఓట్లన్నీ వెళతాయి. దేశమంతా పలచగా పరుచుకున్న మద్దతుకు ఈ పద్ధతిలో విలువ లేదు.

అక్క చెప్పినదాంట్లోనూ న్యాయం ఉంది. 2000లో ఫ్లోరిడాలో బుష్ గెలిచింది 537 ఓట్లతో. గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు అక్కడ 97 వేలకు పైగా పడ్డాయి. నేడర్ బరిలో లేకపోతే వాళ్లంతా బుష్ ప్రత్యర్థి, డెమొక్రటిక్ అభ్యర్థి గోర్‌కే వేసేవారని ఎవరూ చెప్పలేరు. కొందరు ఇంట్లోనే ఉండిపోయేవారు, కొందరు బుష్‌కూ వేసేవారు. అయినా వాళ్లలో బుష్ కంటే గోర్ వైపు నూటికి ఒక్కరు ఎక్కువ మొగ్గినా ఫలితం తారుమారయ్యేది. ఒక దేశపు నాలుగేళ్ల పాలన అక్కడ తేలిపోయింది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే మూడో పార్టీ అభిమానులంటే నాకు కోపం వస్తుంది.

అందుకే అక్కతో ఒకటే అన్నాను: నేను మీ ఊళ్లో ఉంటే ఇలా వెయ్యను. నాకు ఇద్దరిలో ఒకరు ఎంతో కొంత మేలు అనిపించినప్పుడు, రాష్ట్రం అటో ఇటో అన్నట్టు ఉన్నప్పుడు, ఆ కొంత మేలు కూడా బోలెడంత మంది బతుకుల మీద పడుతుంది. కాలిఫోర్నియా సంగతి అది కాదు. ఇక్కడ 54 ఎలక్టోరల్ ఓట్లు డెమొక్రాట్లకే పోతాయని నెలల ముందే అందరికీ తెలుసు. ఇక్కడ నా ఓటు గెలుపోటములను మార్చదు కాబట్టి, అది ఇంకేదైనా పనికి వస్తుందా అని చూడాలి.

ఆ "ఇంకేదైనా" ఏమిటో వెతకడానికే ఎక్కువ సమయం పట్టింది. మొదట కనిపించింది 5 శాతం లెక్క. దేశం మొత్తం మీద 5 శాతం ఓట్లు తెచ్చుకున్న పార్టీకి తర్వాతి అధ్యక్ష ఎన్నికలో ప్రభుత్వ నిధిలో వాటా వస్తుంది. 1996లో పెరోకు 8 శాతం పైన వచ్చింది కాబట్టి 2000లో ఆయన రిఫార్మ్ పార్టీకి కోటీ 26 లక్షల డాలర్లు అందాయి. ఈ లెక్కలో కాలిఫోర్నియాలో పడ్డ ఓటుకూ పెన్సిల్వేనియాలో పడ్డ ఓటుకూ ఒకటే విలువ. ఇది నాకు నచ్చింది. కానీ ఆ డబ్బుతో పోటీ చేసిన ప్యాట్ బుకానన్‌కు అర శాతం కూడా రాలేదు, పార్టీ ఆ తర్వాత కోలుకోలేదు. డబ్బు వస్తే పార్టీ దానంతటదే నిలబడుతుందన్న ఆశ నాకు అక్కడితో పోయింది.

ఆ తర్వాత రాష్ట్ర నిబంధనలు చదివాను. అసలు సంగతి అందులో ఉంది. చాలా రాష్ట్రాల్లో చిన్న పార్టీ మళ్లీ బ్యాలెట్ ఎక్కాలంటే ఏదో ఒక పోటీలో ఇంత శాతం ఓట్లు తెచ్చుకోవాలి. అలాంటి చోట ఓడిపోయే అభ్యర్థికి వేసిన ఓటు కూడా పార్టీ ప్రాణం నిలుపుతుంది. కాలిఫోర్నియాలో దీనికి నవంబరులో అధ్యక్ష అభ్యర్థికి పడే ఓట్లను చూడరు. ఆ పార్టీ పేరు మీద ఎంతమంది ఓటర్లు నమోదయ్యారో చూస్తారు: మొత్తం ఓటర్లలో 0.33 శాతం. రాష్ట్రంలో 2 కోట్ల 20 లక్షలకు పైగా ఓటర్లున్నారు కాబట్టి దాదాపు 73 వేల మంది కావాలి. ఇంకో దారి గవర్నర్ ఎన్నిక ఏడాది ప్రైమరీలో రాష్ట్రస్థాయి పదవికి 2 శాతం ఓట్లు తెచ్చుకోవడం, దానికి తోడు కొద్దిపాటి నమోదు ఉండటం. అంటే నవంబరు ఓటు కంటే, నమోదు ఫారంలో నేను పెట్టే టిక్కే ఆ పార్టీకి ఎక్కువ అవసరం. నాలుగేళ్లకోసారి చిన్న పార్టీకి ఓటేసి మిగతా రోజులన్నీ ఏ పార్టీ లేకుండా ఉండేవాళ్లు నాకు చాలామందే తెలుసు. వాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎవరూ కనబడలేదు.

ఇక ఆ అధ్యక్ష ఓటు వేయడం అరగంట పని. గుండ్రం నింపి, కవరు మీద డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్నట్టే సంతకం చేసి, డ్రాప్ బాక్సులో వేశాను. లెక్కలోకి తీసుకున్నామని తర్వాత మెసేజ్ వచ్చింది. బ్యాలెట్‌లో మిగతా పేజీలకు మాత్రం చాలాసేపు పట్టింది. అక్కడున్న చట్ట ప్రతిపాదనలు, స్థానిక పదవులు వేటిలోనూ మూడో పార్టీ అన్న టెన్షన్ లేదు. అక్కడ వేసే ఓటు నిజంగా ఎటైనా తిప్పగలదు.

ఫలితాల్లో ఏ చిన్న పార్టీకీ దేశం మొత్తం మీద 1 శాతం కూడా రాలేదు. నిరుత్సాహంగానే అనిపించింది, దాచను. పెన్సిల్వేనియాలో ట్రంప్ ఆధిక్యం దాదాపు లక్షా 20 వేలు. అక్కడ చిన్న పార్టీల ఓట్లన్నీ కలిపినా అంత లేవు. అక్క భయపడినది ఈసారి జరగలేదు, రేపు జరగదని మాత్రం కాదు.

ఈ భయం లేకుండా ఓటు వేసే పద్ధతి ఒకటుంది. అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇస్తాం. మన మొదటి మనిషి వెనకబడి లెక్కలోంచి తొలగిపోతే ఓటు రెండో మనిషికి వెళుతుంది. మెయిన్, అలాస్కా రాష్ట్రాల్లో అధ్యక్ష ఎన్నికకు కూడా ఇదే వాడుతున్నారు. 2024లో ఒరెగాన్, నెవాడా, కొలరాడో, ఐడహో ఓటర్లు దీన్ని తిరస్కరించారు. అలాస్కాలో రద్దు ప్రతిపాదన వెయ్యి ఓట్లు కూడా లేని తేడాతో వీగిపోయింది. ఈ రాష్ట్రాల్లో ప్రచారానికి తిరిగినవాళ్ల కష్టం, నా ఒక్క అధ్యక్ష ఓటు కంటే ఎన్నో రెట్లు విలువైనదని నా నమ్మకం.

ఎన్నిక అయ్యాక నా నమోదు మార్చుకున్నాను. ఆన్‌లైన్‌లో కొద్ది నిమిషాల పని. ఏ పార్టీ వద్దన్న చోట ఇప్పుడు నేను ఓటు వేసిన పార్టీ పేరు ఉంది. అప్పుడే నా చూపు గవర్నర్ ఎన్నిక ఏడాదైన 2026 జూన్ ప్రైమరీ మీద పడింది, ఆ 2 శాతం లెక్క తేలేది అక్కడే. అక్క మాత్రం తన మాట మీదే ఉంది. పెన్సిల్వేనియాలో ఉన్నంతకాలం అలాగే ఉండమని నేనూ చెబుతున్నాను.