మధ్యాహ్నం రెండింటికి సిస్టమ్ దానంతటదే ఆగిపోతుంటే

మే నెలలో మధ్యాహ్నం పూట ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటర్ సిస్టమ్ ఉన్నట్టుండి ఆరిపోతుంది. పది నిమిషాలాగి బటన్ నొక్కితే ఏమీ ఎరగనట్టు లేస్తుంది. రాత్రి పది దాటాక ఎంతసేపు వాడినా ఏ గొడవా ఉండదు. విజయవాడలో ఈ లక్షణం కనిపిస్తే వైరస్ అనుకుని ఫార్మాట్ కొట్టించకండి. ఫార్మాట్‌తో ఫొటోలు పోతాయి తప్ప రోగం పోదు. మర్నాడు అదే వేళకి మళ్ళీ ఆగుతుంది. ఎక్కువసార్లు అది ప్రాసెసర్ వేడి.

ప్రాసెసర్ మీద బిగించే కూలర్, అంటే రేకులూ ఫ్యానూ, ఎంత మంచిదైనా దాన్ని గదిలో గాలికంటే చల్లగా ఉంచలేదు. గది 25 డిగ్రీలున్నప్పుడు పని ఒత్తిడిలో 75 దగ్గర నిలిచే ప్రాసెసర్, స్లాబు కింద 40 డిగ్రీలకి మరిగే పైఅంతస్తు గదిలో 90కి చేరుతుంది. దానికి దుమ్ము తోడైతే 100 తాకుతుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకి హద్దు అదే. అక్కడికి రాగానే ముందు వేగం తగ్గించుకుంటాయి, ఇంకా ఎక్కితే ఆగిపోతాయి. పొద్దున చురుగ్గా ఉన్న సిస్టమ్ మధ్యాహ్నానికి నత్తనడక నడుస్తోందంటే కారణం అదే కావచ్చు.

ఊహించక్కర్లేదు, కొలవండి. లోపలి వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ఏ పనీ లేనప్పుడు గది వేడి మీద పది పదిహేను డిగ్రీలు ఎక్కువుంటే మామూలే. ఖాళీగా ఉండగానే 70 దాటితే కూలర్ వదులైనట్టు, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ ఎండినట్టు, లేదా ఫ్యాన్ తిరగనట్టు. 65 దగ్గరుండగానే ఆరిపోతుంటే మాత్రం వేడిని వదిలేసి ఎస్ఎంపీఎస్‌ని, అంటే లోపల కరెంటు సరఫరా చేసే డబ్బాని, అనుమానించండి. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 అని కనిపిస్తే కంగారొద్దు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా సిస్టమ్ ఆగిందని మాత్రమే దానర్థం, ఎందుకు ఆగిందో అది చెప్పదు.

ఇక శుభ్రం చేయడం. ప్లగ్ పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. సైడ్ ప్యానెల్ తీసి బాల్కనీలో పెట్టండి. బ్లోయర్ అడుగు దూరంలో ఉంచి కొట్టాలి. ఫ్యాన్ రెక్కలు తిరక్కుండా వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే గాలి వేగానికి బేరింగ్ దెబ్బతింటుంది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. అసలు దుమ్ము ఫ్యాన్ మీద ఉండదు, ఫ్యాన్‌కీ దాని కింది అల్యూమినియం రేకులకీ మధ్య గోనెపట్టాలా అట్టకట్టి ఉంటుంది. ఇంట్లో దోమల కాయిల్ వెలిగిస్తే ఆ పొగ జిడ్డుకి అది ఊదినా కదలదు. ఫ్యాన్ విప్పి, పెయింట్ బ్రష్‌తో రేకుల సందుల్లో నుంచి లాగితే ముద్దగా ఊడి వస్తుంది. బెంజి సర్కిల్ నుంచి రామవరప్పాడు వైపు హైవే పక్క వీధుల్లో ఉండేవాళ్ళు మూణ్ణెల్లకోసారి, మిగతావాళ్ళు ఆర్నెల్లకోసారి చేస్తే చాలు. ఎయిర్ కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కి తగలనీయకండి. ఆ తేమ దుమ్ముతో కలిసి బోర్డు మీద తుప్పు పట్టిస్తుంది.

మూడు నాలుగేళ్ళు దాటితే పేస్ట్ కూడా మార్చాలి. ఇంటెల్ కూలర్ నాలుగు పిన్నుల్నీ తలమీది బాణం గుర్తు వైపు తిప్పి పైకి లాగితే వస్తాయి. ఏఎండీ వాళ్ళ ఏఎం4 సాకెట్ ప్రాసెసర్ అయితే ముందు పది నిమిషాలు సిస్టమ్ నడిపి పేస్ట్ మెత్తబడ్డాక ఆఫ్ చేసి, ప్లగ్ పీకి, కూలర్‌ని అటూఇటూ కొద్దిగా మెలిపెట్టి తీయండి. చల్లగా ఉండగా గుంజితే ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్తది బఠానీ గింజలో సగమంత మధ్యలో పెట్టి కూలర్ బిగించండి. ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లబడదు, పక్కలకి కారుతుంది. ఇంటెల్ కూలర్ పిన్నులు ఎదురెదురు మూలలు వరసగా నొక్కాలి, నాలుగూ క్లిక్‌మనాలి. ఒక్కటి కూర్చోకపోయినా మళ్ళీ మొదటికే వస్తుంది.

కరెంటు సంగతి ఇంతకంటే ముఖ్యం. క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోందా? ఎర్త్ లేదని అర్థం. ఎర్త్ తెగితే ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ వల్ల మెయిన్స్‌లో సగం, అంటే 115 వోల్టుల దాకా, బాడీ మీదికి వస్తుంది. కరెంటు స్వల్పమే కాబట్టి జిల్లుతో పోతుంది గానీ యూఎస్‌బీ పోర్టులు, మానిటర్ పోర్టులు దీనివల్ల పోవచ్చు. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిపించండి, రెండు మూడు వోల్టులకి మించకూడదు. పాత ఇళ్ళలో వేసవికి ఎర్త్ గొయ్యి ఎండిపోతుంది. వారానికో రెండు బిందెల నీళ్ళు పోస్తే చాలాసార్లు అక్కడితోనే సరిపోతుంది.

ఆరిపోవడం వేరు, రీస్టార్ట్ కావడం వేరు. పక్కగదిలో ఏసీ ఆన్ కాగానే రీస్టార్ట్ అవుతుంటే యూపీఎస్ బ్యాటరీ అయిపోయినట్టే. 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది, మన ఎండలకి రెండు మూడేళ్ళకి మించి రాదు. అది మార్చితే చాలు, కొత్త యూపీఎస్ కొననక్కర్లేదు. సిస్టమ్ ఇంటి ఇన్వర్టర్ మీద ఉంటే వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి. రెండో మోడ్‌లో కరెంటు మారడానికి పట్టే ఆలస్యానికే సిస్టమ్ పడిపోతుంది. ఎస్ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులు నిలిచి ఉండొచ్చు.

ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాకపోతే ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్ళని తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టండి. తేదీ పాతదై, బ్యాంకు సైటు కూడా సురక్షితం కాదని బ్రౌజర్ మొరాయిస్తే బోర్డు మీది గుండ్రని సీఆర్2032 బ్యాటరీ మార్చండి.

హార్డ్‌డిస్క్ విషయంలో డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో 05, సీ5, సీ6 వరసలు చూడండి, అవి డిస్క్‌లో పాడైన చోట్ల లెక్క. ముడి విలువల్లో (రా వాల్యూస్) సున్నా కాకుండా అంకె పెరుగుతుంటే మిగతా పనులన్నీ ఆపి అవసరమైనవి వేరే డిస్క్‌లోకి తీసుకోండి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ మంచిదే, సాటా కేబుల్ మార్చండి చాలు. కొత్త డిస్క్ కొనమని ఎవరైనా చెబితే ముందు ఈ వరస చూపించి అడగండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళలోకి వచ్చినప్పుడు నేలమీది సీపీయూలెన్నో మునిగాయి. క్యాబినెట్‌ని అడుగున్నర ఎత్తు స్టాండ్ మీద పెడితే దుమ్మూ తగ్గుతుంది, వీధి నీళ్ళు గుమ్మం దాటినా కొంత గడువు దొరుకుతుంది. మునిగితే ఆన్ చేసి చూడకండి. గుండ్రని బ్యాటరీ వెంటనే తీసేయండి. హార్డ్‌డిస్క్‌కి గాలి రంధ్రం ఉంటుంది, అందులోంచి బురదనీళ్ళు లోపలికి పోతాయి. డేటా ముఖ్యమైతే దాన్ని ఎండలో పెట్టకుండా, తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో మూసి, డేటా రికవరీ చేసేవాళ్ళకి అలాగే అప్పగించండి.