ఏసీపీ షీట్లు వద్దు బావా, లోహపు జాలి పెట్టుదాం

మా బావ దుకాణం నల్లగొండల గడియారం సెంటర్‌కు జర దూరంల, పడమటి మొకాన ఉంటది. కింద బట్టల షాపు, పైన ఒక అంతస్తు ఖాళీ. పోయినేడు "ముందర ఎలివేషన్ మార్చాలె బామ్మర్దీ, నువ్వు ఎప్పుడూ ఫోన్ల బిల్డింగులే చూస్తుంటవ్ కదా, ఏదన్న డిజైన్ చెప్పు" అన్నడు. నేనేం ఆర్కిటెక్ట్‌ను కాదు, సివిల్ డిప్లొమా చేసి సైట్ల మీద తిరిగేటోడిని, గని బిల్డింగుల పిచ్చి మాత్రం చదువుకునే రోజుల సంది ఉన్నది.

నేను చెప్పేలోపే ఏసీపీ షీట్లు కొట్టే ఆయన వచ్చి టేపు పట్టి కొలతలు రాసుకపోయిండు. ఎర్ర రంగు, నడుమ వెండి పట్టీ, అదే డిజైన్ మా బజార్ల ఇప్పటికే నాలుగు షాపులకు ఉన్నది. ఏసీపీ అంటే రెండు పల్చటి అల్యూమినియం రేకులు, మధ్యల ప్లాస్టిక్, అంతా కలిపి 3 లేదా 4 మిల్లీమీటర్లు, ఎనిమిదికి నాలుగు అడుగుల షీటు. దూరంకెల్లి చూస్తే గట్టి లోహం లెక్కనే కొడతది, గని చీప్ షీట్లల్ల ఆ రేకు పావు మిల్లీమీటరే.

నేను పనిచేసిన ఒక సైట్ల షీటుకు షీటుకు నడుమ గ్రూవ్, అంటే సందు, సరిగ్గ ఇయ్యలేదు. పొద్దుగాల 25 డిగ్రీలున్న రేకు మన ఎండకు మధ్యాహ్నం 65 దాకా పోతది, ఎనిమిది అడుగుల అల్యూమినియం అంత తేడాకు ఇంచుమించు రెండు మిల్లీమీటర్లు సాగుతది, ఆ రెండు మిల్లీమీటర్లకు జాగ లేకపోతే షీటు అప్పడం ఉబ్బినట్టు ఉబ్బుతది, ఉబ్బింది కూడా. ఇంక పైనుండే ప్లాస్టిక్ కవర్ టైముకు పీకకపోతే ఎండకు గమ్ము కాలి అతుక్కపోతది, తర్వాత గోళ్లతోటి గీకినా రాదు. షీటు ఎనకాల పావురాలు గూళ్లు పెట్టుడు వేరే కథ.

అసలు భయం అగ్గిది. 2017 జూన్ 14న లండన్ల గ్రెన్‌ఫెల్ టవర్ కాలింది, 24 అంతస్తులు, 72 మంది సచ్చిపోయిండ్రు. మంట అట్ల పైదాకా పాకడానికి పెద్ద కారణం బయట కొట్టిన షీట్ల నడుమ ఉన్న పాలిథిలిన్ ప్లాస్టిక్. మన దుకాణాల ముందర కరెంటు వైర్లు ఎట్ల ఏలాడుతుంటయో తెలుసు కదా. అగ్గికి ఆగే రకం షీట్లు కూడా ఉంటయ్ గని రేటు వినంగనే మావోళ్లు లేచిపోతరు.

"మరి ఫారిన్ల అన్నీ మెరిసేటివే కడతరు కదా" అన్నడు బావ. నిజమే. ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీ 1997ల స్పెయిన్ల బిల్బావోల కట్టిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియంకు టైటానియం రేకులు, అర మిల్లీమీటర్ కూడా మందం లేవు. అక్కడ మబ్బు, వాన ఎక్కువ, ఆ మసక వెలుగుల ఆ లోహం బంగారం రంగుకు తిరుగుతది. అదే గెహ్రీ ఎండ కొట్టే లాస్ ఏంజెల్స్‌ల డిస్నీ కాన్సర్ట్ హాల్‌కు స్టీలు తొడిగితే, అద్దంలెక్క నున్నగున్న భాగం తిప్పికొట్టిన ఎండకు పక్కనున్న ఇండ్లోళ్లు ఉడికిపోయిండ్రు, 2005ల ఆ మెరుపును రుద్ది పోగొట్టాల్సొచ్చింది. మా బావ షాపుకు ఎదురుంగ చాయ్ హోటల్ ఉన్నది. ఆయనతోటి రోజూ పంచాయితీ ఎందుకని నేను.

నాకు ఇష్టమైంది వేరే. పారిస్‌ల అరబ్ వరల్డ్ ఇన్‌స్టిట్యూట్ అని ఉన్నది, జీన్ నూవెల్ డిజైన్, 1987. దక్షిణం గోడ మొత్తం లోహపు జాలి, కెమెరా కన్నులెక్క తెరుసుకునేటివి, మూసుకునేటివి. మిషిన్లు మొరాయించినయ్ అనుకోండి, అది వదిలేద్దాం. లోహం ఎండను తిప్పికొట్టకుండ వడగట్టింది, నాకు అదే నచ్చింది.

గంత దూరం ఎందుకు, పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఉన్నది. కందూరు చోడ రాజుల కాలంది. గర్భగుడిల లింగం ఉన్న జాగల స్తంభం నీడ పొద్దంతా పడుతది, సూర్యుడు తిరిగినా అది కదలదు, ఎందుకంటే లోపలికొచ్చేది నేరుగ ఎండ కాదు, బయట పరుచుకున్న వెలుగు. బావను ఒక ఆదివారం బండి మీద తీస్కపోయిన. దండం పెట్టుకున్నడు, నీడ సంగతి పట్టించుకోలేదు, బయటికొచ్చినంక "లోపల సల్లగున్నది" అన్నడు. చాలు అనుకున్న.

చివరికి గేట్లకు చేపిస్తరే, గా కంప్యూటర్ మిషిన్‌తోటి కోసే సీఎన్సీ కటింగ్ జాలి, అదే చేయించినం. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం, తెల్లకు దగ్గరి రంగుల పౌడర్ కోటింగ్, గోడకు ఒకటిన్నర అడుగు దూరంల ఫ్రేము. ఎనకాల వేడి గాలి పైకి పోవాలె కదా, అందుకని కింద పైన తెరిచే ఉంచినం. ఫ్యాబ్రికేటర్ మాత్రం "గోడకే కొట్టేస్తే నట్లు మిగులుతయ్ సార్" అని రెండు రోజులు సతాయించిండు.

మొన్న సాయంత్రం నాలుగింటికి పోయిన. పై హాల్ల నేలంతా వెలుగు చుక్కలే. మా కోడలు పిల్ల ఆరో తరగతి, సుద్దముక్కతోటి ఒక్కో చుక్క చుట్టూ గీతలు గీస్తున్నది. "మామా, బొక్కలు చదరంగ కోసిండ్రు కదా, ఇవి గుండ్రంగ ఎందుకున్నయ్?" అని అడిగింది. అవి బొక్కల నీడలు కావు బిడ్డా, అన్నీ సూర్యుడి బొమ్మలే, సూర్యుడు గుండ్రం కాబట్టి గుండ్రంగ పడుతున్నయ్ అని చెప్పిన. నమ్మలేదు. కిటికీ దగ్గరికి పోయి అట్టముక్క జాలికి ఆనిచ్చి పెట్టి చూసింది, దగ్గర చదరం, దూరం జరిపితే గుండ్రం.

ఎనకనుంచి బావ, "అదంత బాగనే ఉంది గని, ఇగ షాపు బోర్డు ఏడ పెట్టాలె బామ్మర్దీ?"