అమ్మ మోకాళ్లు ఎంచిన కారు

ఏ కారు కొనాలన్న చర్చ మా ఇంట్లో ఎక్కువ రోజులు సాగలేదు. అమ్మకు రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. హన్మకొండ నుంచి చెకప్‌కి హైదరాబాద్ తీసుకెళ్లాలంటే ప్రతిసారీ కిరాయి కారే. వచ్చేది ఎక్కువగా సెడాన్. అమ్మను వెనక సీట్లోకి దించడం ఒక పని, అక్కడి నుంచి లేపడం ఇంకో పెద్ద పని. "ఎక్కుడు తర్వాత బిడ్డా, దిగుడెట్ల?" అని డోర్ తీయకముందే అడిగేది.

అందుకే మైలేజీ, రంగు, టచ్ స్క్రీన్ కంటే ముందు ఒకటే చూశాను: సీటు ఎత్తు. మారుతి వ్యాగనార్ ముందు సీటు సెడాన్ సీటంత కిందికి ఉండదు. వెనక్కి తిరిగి కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. 2019 జనవరిలో వచ్చిన మోడల్ ఎత్తు 1675 మి.మీ., పొడవు 3655 మి.మీ. మా సందులో పక్కింటాయన బైకులకు తగలకుండా తిప్పుకోగలిగే పొడవు అది. డిక్కీ 341 లీటర్లు. 1999 చివర్లో మన దగ్గరికి వచ్చిన మొదటి వ్యాగనార్‌ని అగ్గిపెట్టె అని నవ్వినవాళ్లలో మా మేనమామ ఒకడు. ఇప్పుడు నెలకోసారి ఊరి నుంచి బియ్యం బస్తా, మామిడికాయ తొక్కు జాడీ అదే అగ్గిపెట్టెలో పంపిస్తానంటున్నాడు.

నేను కొన్నది పాత బండి. కొత్తది ఎందుకు కొనలేదని మా బడి స్టాఫ్ రూంలో అందరూ అడిగారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది, నిజమే. అంతకుముందు సెస్సుతో కలిపి 29 ఉండేది. వ్యాగనార్ షోరూం ధర ఐదు లక్షల లోపు నుంచే మొదలైంది. కానీ అది అన్నిటికంటే కింది వేరియంట్ ధర. నాకు కావలసిన పై వేరియంట్ జెడ్ఎక్స్ఐకి లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, మిగతా ఖర్చులన్నీ కలిపి ఇచ్చిన కొటేషన్ ఏడు లక్షలు దాటింది. నా దగ్గరున్నది ఎత్తిన చిట్టీ డబ్బు, జీపీఎఫ్‌లోంచి తీసింది కొంత. నెలనెలా ఈఎంఐ టెన్షన్ నాకు వద్దు. పైగా కొత్త కార్ల ధర దిగితే పాతవాటి ధర కూడా దిగాల్సిందే కదా. అమ్మేవాళ్లలో చాలామంది ఆ సంగతి విననట్టే మాట్లాడారు. బేరంలో నేను మాత్రం దాన్ని వదల్లేదు.

పాత కార్లు అమ్మే చోట్లకు మా తమ్ముణ్ని వెంట తీసుకెళ్లాను. వాడికి డ్రైవింగ్ రాదు. ఉప్పల్లో ఉంటాడు, ఆఫీసుకి మెట్రోలో పోతాడు. అయినా అక్కడి కుర్రాళ్లందరూ వాడితోనే మాట్లాడారు. "సార్, బడ్జెట్ ఎంత? సార్, ఇంజన్ సౌండ్ వినండి." వాడు నావైపు చూపించి, "అక్కను అడగండి, డబ్బులు ఆమెవే" అన్నాక కూడా ఐదు నిమిషాలకు మళ్లీ సార్ దగ్గరికే. నాకు అదే మేలైంది. వాడి చుట్టూ కథలు నడుస్తుంటే నేను తీరిగ్గా కారు చుట్టూ తిరిగాను.

ఒకచోట 2019 మే నెల బండి, 1.0 లీటర్ ఇంజన్. పాలిష్ కొట్టి తళతళలాడిస్తున్నారు. మీటరు 38 వేలు చూపిస్తోంది. స్టీరింగ్ మాత్రం చేతులు రాసుకుని రాసుకుని నున్నగా మెరుస్తోంది, క్లచ్ పెడల్ రబ్బరు గీతలు చెరిగిపోయాయి. రిజిస్ట్రేషన్ నంబరు రాసుకొచ్చి, తెలిసిన సర్వీస్ అడ్వైజర్‌తో రికార్డు చూపించుకున్నాను. 2022లోనే ఆ బండి 61 వేల కిలోమీటర్ల దగ్గర సర్వీసుకి వచ్చింది! మీటరు తిప్పుతారని వినడం వేరు, రికార్డులో కళ్లారా చూడడం వేరు. ఫోన్ చేసి అడిగితే అటువైపు మనిషి తడుముకోలేదు. "అది పాత ఓనర్ చేసిందేమో మేడం, ఓ పదివేలు తగ్గిద్దాం" అన్నాడు. అసలు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలియని బండికి ఎంత తగ్గిస్తే లెక్క సరిపోతుంది?

ఆ ఏడాది 1.0 బండ్లు చూసేవాళ్లు ఇంకొకటి కనుక్కోవాలి. 2018 నవంబర్ 15 నుంచి 2019 ఆగస్టు 12 దాకా తయారైన 1.0 లీటర్ వ్యాగనార్లు 40,618 బండ్లను ఫ్యూయల్ హోస్ (పెట్రోలు పైపు) తనిఖీ కోసం కంపెనీ వెనక్కి పిలిచింది. 2020 జులైలో ఫ్యూయల్ పంపు కోసం మళ్లీ పిలిచింది, ఈసారి 2019 అక్టోబర్ 15 దాకా తయారైనవి 56,663. దీనికి ఓనర్ జేబులోంచి పైసా పోదు, కాకపోతే తీసుకెళ్లాలి. తీసుకెళ్లాడో లేదో సర్వీస్ సెంటర్ వాళ్లకు ఛాసిస్ నంబరు ఇస్తే చెబుతారు. రీకాల్ అని వినగానే బండి వదిలేయాల్సిన పని లేదు, ఆ పని చేయించినట్టు రికార్డులో ఉంటే చాలు.

నాకు చివరికి దొరికింది దుకాణంలో కాదు, మల్కాజ్‌గిరిలో ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఇంట్లో. 2020 మార్చి రిజిస్ట్రేషన్, టీఎస్ 08, 1.2 లీటర్ జెడ్ఎక్స్ఐ, ఒకే ఓనర్, 41 వేల కిలోమీటర్లు. కళ్ల సమస్యతో డ్రైవింగ్ మానేశారు. ముందురోజే ఫోన్ చేసి, "సార్, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని అడిగాను. వేడెక్కిన ఇంజన్ చాలా రోగాలు దాచేస్తుంది. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టాను, చల్లగానే ఉంది. "నమ్మకం లేదామ్మా?" అని నవ్వారాయన. "మా మెకానిక్ నేర్పాడు సార్" అన్నాను.

ఆ మెకానిక్ హన్మకొండలో నా స్కూటీ చూసే భాయ్. రానుపోను బస్సు ఖర్చులు, భోజనం, పైన రెండు వేలు ఇచ్చి వెంట తీసుకెళ్లాను. ఈ మొత్తం వ్యవహారంలో బాగా గిట్టుబాటైన ఖర్చు అదే. ఆయన ఇంజన్ దగ్గరికి వెంటనే పోలేదు. ముందు బానెట్, ఫెండర్ల బోల్టులు చూశాడు. కంపెనీ పెయింట్ బోల్టు తల మీద చెక్కు చెదరకుండా ఉంటే దాన్ని ఎవరూ విప్పలేదని అర్థం. రెంచ్ పడిన గీతలుంటే టింకరింగ్ జరిగినట్టే. అద్దాల మూలన ఉండే తయారీ గుర్తులన్నీ ఒకేలా ఉన్నాయా అని చూశాడు. ఎడమ వెనక డోరుకు మాత్రం పెయింట్ పడిందని చెయ్యి పెట్టగానే చెప్పాడు. ఓనర్ ఒప్పుకున్నారు, అపార్టుమెంటు పిల్లర్‌కి రాసుకుందట.

తర్వాత నీళ్ల పరీక్ష. 2020 అక్టోబర్ వరదల్లో హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో మనం టీవీలో చూశాం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ అంతే. అవన్నీ తుక్కుకి పోలేదు కదా, కడిగి, ఆరబెట్టి, సెంటు కొట్టి అమ్మకానికి పెట్టినవీ ఉంటాయి. భాయ్ సీటు బెల్టులు చివరిదాకా లాగి చూశాడు. పై భాగాన్ని కడుగుతారు గానీ లోపల చుట్టుకుని ఉండే భాగం దాకా ఎవరూ పోరు, బురద మరక అక్కడ దొరుకుతుందట. స్టెప్నీ తీసి కింద గుంట చూశాడు, సీటు పట్టాల తుప్పు చూశాడు, కార్పెట్ మూల ఎత్తి వాసన చూశాడు. అంతా పొడిగా, దుమ్ముగా ఉంది. "దుమ్ముంటే మంచిదే మేడం, కడిగిన బండి కాదన్నట్టు" అన్నాడు.

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం గ్లవ్ బాక్స్‌లో దొరికిన చిన్న నోటు పుస్తకం. పెట్రోలు పోయించినప్పుడల్లా తేదీ, లీటర్లు, మీటరు రీడింగ్. 2020 మార్చిలో ఒక వరుస, ఆ తర్వాతి వరుస జూన్‌లో. మధ్యలో లాక్‌డౌన్. ఐదేళ్ల పాటు ఒకే చేతిరాత. పెన్నులు మారాయంతే. బ్యాంకులో జీవితమంతా లెజర్లు రాసిన చెయ్యి మరి. ఇలాంటి మనిషి ఆయిల్ మార్పించకుండా ఉంటాడా?

టెస్ట్ డ్రైవ్ కథ పెద్దగా లేదు. హబ్సిగూడ వైపు ట్రాఫిక్‌లో కాసేపు, ఖాళీ రోడ్డు మీద కాసేపు నడిపాను. స్పీడ్ బ్రేకర్ల మీద ముందు ఎడమవైపు టకటకమంటోంది. లింక్ రాడ్ అన్నాడు భాయ్, పెద్ద ఖర్చేమీ కాదన్నాడు. 1.2లో నాలుగు సిలిండర్లు కాబట్టి ఏసీ వేసి నలుగురం కూర్చున్నా ఫ్లైఓవర్ మీద ఆయాసపడలేదు. గేర్లు వాటంతట అవే మారే ఏజీఎస్ బండి అంతకుముందు ఒకటి నడిపి చూశాను. గేరు మారినప్పుడల్లా ఒక చిన్న కుదుపు, నాకు పడలేదు.

అమ్మకు ఇష్టమైన కారే అయినా ఒక విషయం దాచను. 2019లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ చేసిన క్రాష్ పరీక్షలో వ్యాగనార్‌కి రెండు స్టార్లు వచ్చాయి, 2023లో చేసిన పరీక్షలో పెద్దవాళ్ల భద్రతకు ఒక్కటే. ఈ ఎత్తు, ఈ ధరలో నాకు దొరికింది ఇదే అనుకుని తీసుకున్నాను. 2019, 2020 నాటి కింది వేరియంట్లలో ముందు కూర్చునే రెండో మనిషికి ఎయిర్‌బ్యాగ్ అందరికీ వచ్చేది కాదు, అదనంగా ఎంచుకుంటేనే. అమ్మ కూర్చునేది ఆ సీట్లోనే. జెడ్ఎక్స్ఐ కోసం పట్టుబట్టింది అందుకే. రెండు ఎయిర్‌బ్యాగులు లేని బండి ఎంత చవకగా వచ్చినా నేను కొనేదాన్ని కాదు.

ఆయన అడిగింది 4 లక్షల 60 వేలు. నేను జీఎస్టీ మాటెత్తాను, పెయింట్ పడిన డోరు చూపించాను, టైర్ల సంగతి తీశాను. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. నాలుగింటి మీదా 0420. గాట్లు కనిపిస్తున్నా, ఐదేళ్లు దాటిన రబ్బరు. వాళ్లావిడ కాఫీ తెచ్చారు, తమ్ముడు రెండోసారి కాఫీ కూడా తాగాడు, 4 లక్షల 15 వేల దగ్గర తెగింది.

ఆ తర్వాత కాగితాల దగ్గర అసలు కథ మొదలైంది. ఆయన లోను తీరిపోయి చాలా కాలమైంది, కానీ ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. లోను తీరిందని బ్యాంకు ఇచ్చిన ఎన్‌వోసీ ఎక్కడో బీరువాలో, గడువు దాటిపోయి. అది మళ్లీ తెప్పించి, ఆర్సీలోంచి బ్యాంకు పేరు తీసేయించే ఫారం 35 మీద బ్యాంకు ముద్ర పడేదాకా అడ్వాన్సు పదివేలకు మించి ఇవ్వనన్నాను. జీవితమంతా బ్యాంకులో పనిచేసినాయన తన ఎన్‌వోసీ కోసం బ్యాంకు చుట్టూ తిరగాల్సి వచ్చింది. పాపం, నాకు ఫోన్ చేసి తనమీద తానే నవ్వుకున్నారు.

ఓనర్ పేరు మార్పుకి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. ఇవి ఎవరైనా చెబుతారు. బ్రోకర్లు చెప్పనివి కొన్ని. మిగతా డబ్బంతా ఆర్టీజీఎస్ చేశాను. రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకుంటే చట్టప్రకారం ఇబ్బంది తీసుకున్నవాళ్లకే. నంబరు కొట్టి ఈ-చలాన్లు చూస్తే రెండు పెండింగ్, ఆయనతోనే అక్కడికక్కడ కట్టించాను. బండి చేతికిచ్చిన తేదీ, సమయం రాసి ఇద్దరం సంతకాలు పెట్టుకున్నాం. ఆ నిమిషం దాకా చలాన్లు ఆయనవి, తర్వాత నావి. పాత ఫాస్టాగ్ ఆయన మూసేయించారు. లేకపోతే గూడూరు, కొమళ్ల టోల్ డబ్బులు ఆయన ఖాతాలో కట్ అవుతూ ఉండేవి.

ఇన్సూరెన్స్ మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బండి చేతులు మారిన 14 రోజుల్లో పాలసీ పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాలి. థర్డ్ పార్టీ కవర్ బండి వెంటే వస్తుంది గానీ, మన బండికి దెబ్బ తగిలితే ఇచ్చే భాగం మన పేరు మీదికి మారితేనే పనికొస్తుంది. నో క్లెయిమ్ బోనస్ మనిషిది, బండిది కాదు. ఆయన ఐదేళ్లు క్లెయిమ్ చేయకుండా సంపాదించిన రాయితీ నాకు రాదు కాబట్టి తేడా నేనే కట్టాను. ఆ సొమ్ము బేరమప్పుడే లెక్కలో వేసుకుని వెళ్లాను. మీరూ వేసుకోండి.

ఆర్సీ నా పేరు మీద స్పీడ్ పోస్టులో వచ్చింది. లింక్ రాడ్లు మార్చారు, టకటక పోయింది. వాకర్ మడిచి డిక్కీలో పెడితే పక్కన ఇంకా రెండు సంచులు పడుతున్నాయి. అమ్మ తన సీటు ఎవరికీ ఇవ్వడం లేదు. తమ్ముడొస్తే వెనక్కే.

టైర్లు మిగిలాయి. మేడారం జాతరకు పోవాలి, అమ్మ బంగారం (బెల్లం) మొక్కుకుంది. తాడ్వాయి అడవి రోడ్డు మీద పాత టైర్లతో పోయే ధైర్యం నాకు లేదు. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక కొటేషన్ తీసుకున్నాను, కాజీపేటలో ఇంకోటి. రెండింటికీ మధ్య రెండు వేలకు పైగా తేడా ఉంది. కాజీపేట వాడు తక్కువ చెప్పాడు గానీ టైరు మీద నాలుగంకెలు చూపించమంటే స్టాకు లోపలుందంటున్నాడు. శనివారం బడి అయ్యాక భాయ్‌ని వెంటబెట్టుకుని వెళ్తాను.