పాలిసెట్‌కి చదివేవాళ్లకి: రెండు బిందువుల మధ్య దూరం లెక్కలు నేనెలా చేశానంటే

పాలిసెట్, అంటే ఆంధ్రాలో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష, రాయబోయే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి. 120 ప్రశ్నలు, రెండు గంటలు. అంటే ప్రశ్నకి నిమిషం. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ వదిలేయక్కర్లేదు. నిరూపక జ్యామితిలో దూరం ఫార్ములా రానివాళ్లు ఎవరూ ఉండరు. దాన్ని కాగితం నిండా పరిచి రాయడంలోనే టైమ్ పోతుంది.

మాది పలాస దగ్గర పల్లెటూరు. వరి కోతలయ్యాక రోడ్డెక్కాలంటే మా ఊళ్లో ఎవరూ గట్ల వెంట తిరిగి వెళ్లరు, మడికి అడ్డంగా పడి పోతారు. ఈ ఫార్ములా కూడా అంతే. ఎక్స్‌ల తేడా ఒక గట్టు, వైల తేడా రెండో గట్టు, మనకి కావలసింది అడ్డదారి, అంటే పైథాగరస్ చెప్పిన కర్ణం. ఈ బొమ్మ మనసులో ఉంటే లెక్క మొదలెట్టకముందే జవాబు ఎంతలో ఉండాలో తెలిసిపోతుంది. అడ్డదారి పెద్ద గట్టు కన్నా పొడవు, రెండు గట్లూ కలిపినదాని కన్నా పొట్టి.

(−3, 4), (5, −2) తీసుకోండి. తేడాలు 8, 6. జవాబు 8కీ 14కీ మధ్యలో పడాలి. ఆప్షన్లలో 2√2 కనబడిందంటే అది మైనస్ గుర్తులు చూడకుండా 5లోంచి 3, 4లోంచి 2 తీసేసేవాళ్ల కోసం పెట్టిన వల. 14 ఉంటే తేడాలు కూడేసేవాళ్ల కోసం. 8, 6 అనగానే 10 అని నోటికొచ్చేయాలి. 3-4-5, 5-12-13, 8-15-17, 7-24-25 (మొదటి రెండూ గట్లు, మూడోది అడ్డదారి), వీటి రెట్లు, అన్నీ నేను ఆమదాలవలసలో రైలు దిగి శ్రీకాకుళం టౌన్‌లోకి వచ్చే బస్సులో వల్లె వేసినవే. సీటు దొరికితే కదా పెన్ను తీసేది, నోటిలెక్కే గతి!

(−4, 7), (9, 7) లాంటివి ఇస్తే వై ఒకటే, దూరం 13. దీనికి కూడా వర్గం చేసి, మళ్లీ వర్గమూలం తీసేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది.

మూడు బిందువులిచ్చి ఏ త్రిభుజమో చెప్పమంటే వర్గమూలం జోలికే పోవద్దు. (1, 1), (4, 5), (8, 2)కి దూరాల వర్గాలు 25, 25, 50. రెండు సమానం, వాటి మొత్తమే మూడోది. లంబకోణ సమద్విబాహు త్రిభుజం.

ఎక్స్ అక్షం మీద (2, 3), (6, 1)లకి సమాన దూరంలో ఉన్న బిందువు అడిగారనుకోండి. సమీకరణం రాసినా వస్తుంది. కానీ ఆప్షన్లు కళ్లెదురుగా పెట్టుకుని అదెందుకు? (3, 0) వేసి చూడండి, 1+9, 9+1, రెండూ 10. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో మాత్రం ఇలా చేయకండి, అక్కడ స్టెప్పులకే మార్కులు.

జవాబు √52 వచ్చి ఆప్షన్లలో అది లేకపోతే టెన్షన్ పడి లెక్క మళ్లీ మొదలెట్టొద్దు. 52 అంటే నాలుగు పదమూళ్లు. 2√13 ఎక్కడుందో చూడండి.