గడువు దాటాక సొలిసిటర్ బిల్లు మీద పోరాడాను: నా అనుభవం

ఇంగ్లాండ్‌లో సొలిసిటర్ (మన కేసు పని చూసే లాయర్) బిల్లు ఎక్కువ వేశారనిపిస్తే లెక్క తేల్చమని కోర్టును అడగొచ్చు. 1974 సొలిసిటర్స్ యాక్ట్ 70వ సెక్షన్ ఉన్నది అందుకే. బిల్లు అందిన నెలలోపు అడిగితే కోర్టు కాదనదు, నెల దాటి 12 నెలల దాకా జడ్జి విచక్షణ, ఆ తర్వాత అయితే 'ప్రత్యేక పరిస్థితులు' ఉన్నాయని మనమే చూపించాలి. బిల్లు మొత్తం కట్టేసి 12 నెలలు దాటితే మాత్రం ఈ సెక్షన్ కింద ఇక చేసేదేమీ లేదు.

నాకు ఇంటి లీజు గొడవలో మొదట 6,000 పౌండ్లు అవుతుందని రాసిచ్చారు, చివరి బిల్లు దాదాపు 14,000 వచ్చింది. మధ్యలో ఖర్చు పెరుగుతోందని ఒక్క మాట చెప్పలేదు. ఇదేంటని అడిగినప్పుడల్లా "అకౌంట్స్ వాళ్లు చూస్తున్నారు, చెబుతాం" అని మెయిల్ పెట్టేవారు, అలా చూస్తూ చూస్తూనే ఏడాది దాటించేసి, ఆ తర్వాత గడువు అయిపోయింది కాబట్టి మిగతా డబ్బు కట్టేయమన్నారు. కోపం, టెన్షన్, రెండూ.

బిల్లుల వివాదాలే చూసే ఒక కాస్ట్స్ లాయర్‌ని కలిశాను. ఆవిడ ముందు అడిగింది తేదీలు కాదు, కాగితాలు. ఎందుకంటే మధ్యలో "ఖాతాలో జమ చేయండి" అని పంపేవన్నీ చట్టం లెక్కలో బిల్లులు కావు, సరైన బిల్లు అందినప్పటి నుంచే గడువు నడుస్తుంది. నా చివరి బిల్లు సరైనదే, కాబట్టి గడువు ఇంకా మొదలే కాలేదని వాదించే దారి లేదు. కానీ ఎస్టిమేట్‌కి రెండింతలు దాటినా కారణం చెప్పకపోవడం, ఏ పనికి ఎంత సమయం పట్టిందో వివరం లేకపోవడం, వాళ్ల మెయిళ్లే నన్ను ఆపి ఉంచడం, ఇవన్నీ ప్రత్యేక పరిస్థితులుగా వాదించదగ్గవే అంది. నేను కొంతే కట్టాను కాబట్టి ఆ ఆఖరి తలుపు కూడా ఇంకా మూసుకుపోలేదు.

నన్ను బాగా భయపెట్టింది ఐదో వంతు రూలు. కోర్టు బిల్లులో ఐదో వంతు, అంటే నా లెక్కలో 2,800, తగ్గిస్తే ఆ విచారణ ఖర్చు మామూలుగా వాళ్ల మీద పడుతుంది, అంతకంటే తక్కువ తగ్గితే నా మీద. కోర్టు కాకుండా, లాయర్ల సేవల మీద ఫిర్యాదులు చూసే లీగల్ అంబుడ్స్‌మన్‌కి రాయడం ఉచితమే, అక్కడ 2023 ఏప్రిల్ నుంచి గడువు ఒక ఏడాది, న్యాయమనిపిస్తే ఆలస్యమైనవీ తీసుకుంటారు. ముందు ఆ సొలిసిటర్ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 8 వారాలు ఆగాలి. నేనదే చేశాను, వాళ్ల మెయిళ్లన్నీ తేదీల వరసలో జతచేసి, కోర్టుకీ వెళతానని రాశాను.

ఆ 8 వారాలు పూర్తి కాకముందే వాళ్లు ఫోన్ చేశారు. బేరం 9,000 దగ్గర తెగింది. "ఇక బాకీ ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టిన కాగితం చేతికొచ్చాకే మిగతా డబ్బు పంపాను.