ఏటి ఒడ్డు సైటు

మా నాన్నకి ఏటి ఒడ్డున పడుకోవడం ఇష్టంగా ఉంటుందని నేనే అనేసుకున్నాను. గోదారి లంకలో పుట్టి పెరిగిన మనిషి, నీళ్ళు కనబడితే ప్రాణం లేచొస్తుందనుకున్నాను. అడగలేదు. అడిగి ఉంటే ఆరు నెలల ముందు పడ్డ పాట్లన్నీ తప్పేవి.

అట్లాంటాలో ఉండే తెలుగువాళ్ళకి గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు అంటే పెద్ద విశేషం కాదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే తిప్పే చోట్లలో అదొకటి. గాట్లిన్‌బర్గ్‌లో క్యాబిన్ తీసుకోవడం, బాల్కనీలో పకోడీలు వేసుకోవడం, రెండో రోజు మధ్యాహ్నం బిర్యానీ ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కోవడం. మేమూ రెండుసార్లు అలాగే వెళ్ళొచ్చాం. ఈసారి మాత్రం టెంట్ అన్నాను. నా భార్య "మావయ్యగారికి అరవై ఆరేళ్ళు, నడుము నొప్పి" అని గుర్తు చేసింది. "ఆయన మంచె మీద పడుకున్న మనిషి" అన్నాను, అక్కడికి నేను కూడా మంచె మీదే పెరిగినట్టు.

ఇక్కడ క్యాంపుసైటు దొరకడం తిరుమల మూడొందల రూపాయల దర్శనం కోటా లాంటిదే. సరిగ్గా ఆరు నెలల ముందు, పొద్దున పది గంటలకి తెరుచుకుంటుంది. పదీ రెండుకి మంచివన్నీ ఎగిరిపోతాయి. అందుకని డిసెంబరులోనే మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. పార్కులో క్యాంపుగ్రౌండ్లు మొత్తం పది. ఎల్క్‌మాంట్ అన్నిటికన్నా పెద్దది, కానీ జూన్ మొదట్లో అక్కడ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరిపోయే మిణుగురుల కోసం లాటరీ తీసి మరీ జనాన్ని పంపిస్తారు. పైగా మా వైపు నుంచి వెళ్తే కొండ దాటి అవతలికి దిగాలి. కేడ్స్ కోవ్‌లో పదకొండు మైళ్ళ వన్‌వే రోడ్డు. ముందు కారు వాడికి ఎలుగుబంటి కనబడితే వెనక వంద కార్లు ఆగిపోతాయి. డీప్ క్రీక్‌లో వేసవంతా గాలి ట్యూబుల మీద ఏట్లో తేలే పిల్లల గోల. వడపోయగా మిగిలింది స్మోక్‌మాంట్. నార్త్ కరోలినా వైపు, చెరోకీ అనే ఆదివాసీల ఊరు దాటగానే వస్తుంది.

అందులో 142 సైట్లు. ఏటి పక్కన ఉండేవి కొన్నే. ఎవరో వీడియో తీస్తూ క్యాంపంతా నడిచారు, దాన్ని ఆపి ఆపి చూశాను. బాత్రూమ్‌కి మరీ దూరం కాకూడదు, అమ్మ రాత్రి లేస్తుంది. మరీ దగ్గరా కాకూడదు, అర్ధరాత్రి తలుపుల చప్పుడు. పక్కన ఇల్లులాంటి పెద్ద బండి, ఆర్వీ, ఉంటే పగలంతా జనరేటర్. నీడ ఉండాలి, వెనక ఏరు ఉండాలి. ఇన్ని చూసి పెట్టుకున్నాక పదింటికి నొక్కితే దొరకలేదు! ఏప్రిల్‌లో ఎవరో క్యాన్సిల్ చేసుకుంటే పట్టుకున్నాను. మంగళ, బుధ వారాలు రెండు రాత్రులు. ఆఫీసులో గెంతినంత పని చేశాను.

రాత్రికి ముప్పై డాలర్లు. నాన్న మనసులో లెక్క కట్టి, "నేల మీద పడుకోడానికి రెండున్నర వేలా? కరెంటు ఉంటుందా?" అన్నాడు. ఉండదు. "వేణ్ణీళ్ళు?" అంది అమ్మ. అవీ ఉండవు, స్నానాల గదే లేదు. బాత్రూమ్‌లో చన్నీళ్ళ కుళాయి మాత్రం ఉంటుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పార్కుకి ఎంట్రీ టికెట్ లేదు, ఆ మేరకు నయం. కానీ 2023 నుంచి ఎక్కడైనా పావుగంట దాటి కారు ఆపితే రోజుకి ఐదు డాలర్ల పార్కింగ్ ట్యాగ్ కొనాలి. కట్టెలూ ఇంటి నుంచి తెచ్చుకోకూడదు, చెట్లకి పురుగు పడుతుందని. వేడి చేసి ముద్ర వేసిన కట్టల్నే కొనాలి. "కట్టెలకి కూడా ఐఎస్ఐ మార్కా!" అని నాన్న ఆ కట్టని తిప్పి తిప్పి చూశాడు.

క్లేటన్, ఫ్రాంక్లిన్, డిల్స్‌బరో మీదుగా 441 హైవే పట్టుకుని మధ్యాహ్నానికి చెరోకీ చేరాం. అక్కడ వీధుల పేర్లు ఇంగ్లీషుతో పాటు చెరోకీ లిపిలోనూ ఉంటాయి. మా అమ్మాయి కూడబలుక్కుని చదవబోయింది, కొన్ని ఇంగ్లీషు అక్షరాల్లాగే ఉంటాయి కానీ పలికేది వేరు. 1820 ప్రాంతంలో సెక్వోయా అనే ఆయన, తనకి ఇంగ్లీషు చదవడం రాకపోయినా, ఒక్కో ధ్వనికి ఒక్కో అక్షరం చొప్పున ఎనభై పైచిలుకు అక్షరాలు తయారు చేశాడని చెప్పాను. నాన్న "మన గుణింతంలా అన్నమాట" అన్నాడు. క్యాంపు దగ్గర్లో పారే నది పేరు ఓకొనలఫ్టీ. దానికి వాళ్ళ భాషలో 'ఏటి పక్కన' అని అర్థమట. అది చెప్తే మాత్రం నాన్న ఏమీ అనలేదు. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

సైటు మాత్రం నేను కలగన్నట్టే ఉంది. టెంట్ వేసే చోటు నుంచి పది అడుగులు వేస్తే బ్రాడ్లీ ఫోర్క్. కొండ మీంచి బండల మధ్య దూకుతూ వచ్చే ఏరు. ఒడ్డునంతా నిగనిగలాడే ముదురాకుల రోడోడెండ్రాన్ పొదలు. ఐదు నిమిషాల్లో మన గొంతు మనకే వినబడనంత హోరు. నేను చేతులు చాపి "ఎలా ఉంది నాన్నా?" అన్నాను.

"బావుంది" అన్నాడు. తర్వాత "బండి తిప్పి పెట్టు" అన్నాడు.

"ఎందుకు?"

"మొహం రోడ్డు వైపుండేలా పెట్టు. మంచిది."

వాస్తు అనుకుని తిప్పి పెట్టాను.

ఆరుగురు పడుకోవచ్చని రాసి ఉన్న టెంట్. ఆరుగురంటే రేకులో ఇడ్లీల్లా కదలకుండా ఉండాలన్నమాట. ఐదుగురికే సరిపోలేదు. సాయంత్రం పైన కొండల్లో ఉరిమింది, మా దగ్గర నాలుగు చినుకులు పడి ఆగింది. అమ్మ తెచ్చిన పులిహోర, పెరుగన్నం తిన్నాం. తిన్నాక అసలు పని మొదలు. వాసన వచ్చేదేదీ టెంట్‌లో ఉంచకూడదు, ఎలుగుబంట్లు వస్తాయి. టూత్‌పేస్టు కూడా కారులో పెట్టి తాళం వెయ్యాలి. వెయ్యకపోతే కారు తలుపు తియ్యడం కూడా వచ్చట వాటికి. ఆవకాయ సీసాని రెండు కవర్లలో చుట్టి డిక్కీలో పెడుతుంటే అమ్మ "ఒక ముద్ద తింటే అదే పారిపోతుంది" అంది.

నాన్న మాతో కూర్చోలేదు. ఏటి ఒడ్డున గొంతుక్కూర్చుని ఏదో చేస్తున్నాడు. చూస్తే బెత్తెడు పుల్ల ఒకటి, నీరు తడిపే అంచు దగ్గర బురదలో గుచ్చుతున్నాడు. పక్కన మా అమ్మాయి ఇంకో పుల్ల పట్టుకుని నిలబడింది. తాతామనవరాలు ఆడుకుంటున్నారని ఫోటో తీశాను.

రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. నాన్న పక్క ఖాళీ. బయటికొస్తే కారు లోపల లైటు వెలుగుతోంది. ముందు సీట్లో శాలువా కప్పుకుని నిటారుగా కూర్చున్నాడు, చేతిలో ఫోను టార్చి. పాంటు అంచులు తడిసి ఉన్నాయి.

"నిద్ర పట్టలేదా? నడుమా?"

"రెండంగుళాలు పెరిగింది" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. టార్చి తీసుకుని వెళ్ళి చూశాను. పుల్ల ఒకటి కాదు, మూడు, మెట్లు మెట్లుగా. కింది పుల్ల పూర్తిగా మునిగింది. రెండోదాని మొదట్లో నీరు తాకుతోంది. సాయంత్రం పైన పడ్డ వాన కిందికి దిగిందన్నమాట, అంతే. అంత చిన్న ఏరు ఏం చేస్తుందని నవ్వబోయి ఆగాను. ఆయన మొహం నవ్వేలా లేదు.

పక్క సీట్లో కూర్చున్నాను. తలుపు వేస్తే హోరు సగానికి తగ్గింది. అప్పుడు చెప్పాడు.

"మన గోదారి చప్పుడు చెయ్యదురా. ఎంత వరదొచ్చినా తాచుపాములా పోతుంది. రాత్రి పూట చప్పుడు వినబడిందంటే గండి పడిందని."

1986 ఆగస్టు గురించి మా ఇంట్లో వినని పిల్లలు లేరు. భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటి, ధవళేశ్వరంలో 35 లక్షల క్యూసెక్కులు వదిలిన వరద. చిన్నప్పటి నుంచి నాకు తెలిసింది ఆ అంకెలు, తాతగారు చెప్పే పడవ కథ, హెలికాప్టర్ నుంచి పడిన పులిహోర పొట్లాలు. నాన్న తన వంతు ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి ఏటిగట్టు మీద పశువుల దగ్గర కాపలా ఆయనే. గట్టు అంచున పుల్లలు గుచ్చి చూస్తూ ఉన్నాడట. అర్ధరాత్రి దాటాక ఎగువ నుంచి హోరు. గాలి అనుకున్నాడట. పది నిమిషాలు గాలే అనుకున్నాడు. ఆ పది నిమిషాల తర్వాత పలుపులు విప్పడానికి పరిగెత్తితే, నాలుగింటిలో రెండిటికే విప్పగలిగాడు. చూడి గేదె ముడి తడిసి బిగుసుకుపోయింది.

"కత్తి ఇంట్లో ఉండిపోయింది" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు. తెల్లారేదాకా అలాగే కూర్చున్నాం. మధ్యలో రెండుసార్లు ఆయన పుల్ల చూసొచ్చాడు, ఒకసారి నేను చూసొచ్చాను.

పొద్దున ఆరున్నరకి కాస్త కునుకు పట్టి లేచేసరికి నాన్న కారులో లేడు. పైవరసలో, ఏటికి దూరంగా, లోపలే పడుకునే చిన్న తెల్లటి బండి, క్యాంపర్, ముందు ఒక పెద్దావిడతో మాట్లాడుతున్నాడు. మాట్లాడుతున్నాడని ఎలా అనాలి, ఆవిడకి తెలుగు రాదు, ఈయన ఇంగ్లీషు ఎస్, నో దాటదు. దూరం నుంచి చేతులే కనబడుతున్నాయి. ఆవిడ మోకాలి దగ్గర చెయ్యి పెట్టింది, తర్వాత నడుము దగ్గర, తర్వాత భుజం. నాన్న తల అడ్డంగా ఊపి తన చెయ్యి నెత్తి మీదికెత్తి చూపించాడు. ఆవిడ "ఓ" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కాఫీ పట్టుకుని వెళ్ళాను. ఆవిడది ఆష్‌విల్ దగ్గర స్వనానోవా. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను వచ్చినప్పుడు ఆ పేరు న్యూస్‌లో చాలాసార్లు విన్నాం. కొండల్లో అంత వరదని మేమెవరం ఊహించలేదు. ఐ-40 హైవేనే పిజన్ నది కోసేసుకుపోయింది. ఆవిడ ఇల్లు నిలబడింది కానీ వంటింటి గోడ మీద నీటి గీత భుజం ఎత్తున ఉందట. పెయింట్ వేసినా ఎక్కడుందో కనబడుతుందంది. ఏటా స్మోక్‌మాంట్‌కి వస్తుంది, ఇదివరకు ఎప్పుడూ ఏటి పక్క సైటే. ఈ ఏడాది మాత్రం పైవరసలోకి మారింది. రాత్రి ఒడ్డున టార్చి తిరగడం తన కిటికీలోంచి చూస్తూనే ఉందట. ఎవరో తనలాంటి వాళ్ళే అనుకుందట.

అదే సెప్టెంబరులో మా విజయవాడలో బుడమేరుకి గండ్లు పడ్డాయని, మా అత్తయ్య సింగ్ నగర్‌లో మూడు రోజులు మేడ మీదే ఉందని చెప్పాను. నాన్న "గండి అంటే ఇంగ్లీషులో ఏమంటార్రా?" అన్నాడు. బ్రీచ్ అన్నాను. ఆయన ఆవిడ వైపు తిరిగి "బ్రీచ్, బ్రీచ్" అని, రెండు చేతులూ కలిపి ఫట్‌మని విడదీసి చూపించాడు.

ఆవిడ పక్క సైట్లో ఒహాయో నుంచి వచ్చిన కుర్ర జంట ఉన్నారు. నీటి పక్కన దొరకలేదని ముందు రోజు సాయంత్రం నా సైటు చూసి అసూయపడింది వాళ్ళే. మార్చుకుందామా అంటే అబద్ధం చెప్తున్నానేమోనని చూశారు. క్యాంపు ఆఫీసులో చెప్పి రాయించుకుని, తొమ్మిదింటికల్లా టెంట్ పీకి పైకి మోశాం. ఆరు నెలల నా పరిశోధన, ఏప్రిల్‌లో నా గెంతు, అన్నీ ఆ కుర్రాళ్ళకి ధారపోసినట్టయింది. కొంచెం కడుపు మండిన మాట నిజం. పైసైటు పక్కనే బాత్రూమ్, రాత్రంతా తలుపు టప్ టప్‌మంటూనే ఉంది. నాన్న ఆ చప్పుడుకి కదల్లేదు.

ఆ రోజు కువోహి శిఖరానికి వెళ్ళాం. క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు, 2024లో మళ్ళీ పాత చెరోకీ పేరు పెట్టారు. 6,643 అడుగుల ఎత్తెక్కితే చుట్టూ మబ్బు తప్ప ఏమీ కనబడలేదు. సాయంత్రం ఓకొనలఫ్టీ దగ్గర గడ్డిలో ఎల్క్‌లు. అమ్మ దుప్పి అంది, నాన్న కణుజు అన్నాడు. అంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

గురువారం పొద్దున బయల్దేరుతుంటే క్యాంపర్ ఆవిడకి అమ్మ చిన్న డబ్బాలో ఆవకాయ ఇచ్చింది. ఆవిడ మూత తీసి వాసన చూసి, దగ్గి, మారు మాట్లాడకుండా తీసుకెళ్ళి కారులో పెట్టి తాళం వేసింది. నియమం తెలిసిన మనిషి.

గేటు వైపు తిప్పబోతుంటే నాన్న "ఆపు" అన్నాడు. దిగి మా పాత సైటులోంచి, కుర్ర జంటకి చెయ్యి ఊపి, ఒడ్డుకి వెళ్ళాడు. గొంతుక్కూర్చున్నాడు. లేచి చేతులు దులుపుకుంటూ వచ్చి బెల్టు పెట్టుకున్నాడు.

"కింది పుల్ల తేలింది" అన్నాడు. "పద."